నీతి అడగడం మానేశాక: ఆఫ్రికా జంతుకథలతో ఆరు శనివారాలు

మొదటి శనివారం కథ అయిపోగానే అలవాటు కొద్దీ అడిగేశాను, "ఈ కథలో నీతి ఏంటి?" అని. సగం క్లాసు చేతులెత్తింది. ముందు వరసలోని మూడో తరగతి పిల్లాడు లేచి, చేతులు కట్టుకుని, పద్యం అప్పజెప్పినట్టు చెప్పాడు: "అబద్ధాలు ఆడరాదు టీచర్." నేను చెప్పిన కథలో ఎవరూ అబద్ధం ఆడలేదు. పక్కనున్న అమ్మాయి "పెద్దల మాట వినాలి" అంది. ఆ కథలో తెలివైన మాట చెప్పింది కొడుకు, వినాల్సి వచ్చింది తండ్రి. మూడో జవాబు "ఐకమత్యమే మహాబలం". నాలుగో చెయ్యి వైపు నేను చూడలేదు.

ఆ రోజు ఏం తప్పు జరిగిందో, తర్వాతి ఐదు శనివారాల్లో ఏం మార్చానో ఇక్కడ రాస్తున్నాను. బళ్లలో, లైబ్రరీల్లో పిల్లలకు కథలు చెప్పేవాళ్లకు పనికొస్తుందేమో చూడండి.

బడి హైదరాబాద్ శివార్లలోని ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల. మూడు, నాలుగు, ఐదు తరగతులు కలిపి 40 మంది దాకా ఒకే గదిలో, మధ్యాహ్న భోజనం తర్వాత గంటసేపు. పంచతంత్రం, తెనాలి రామకృష్ణ, బీర్బల్ కథలు పిల్లలకు కంఠతా వచ్చేశాయి, కొత్తవేమైనా చెప్పమని హెడ్‌మాస్టర్ గారు అడిగారు. ఆఫ్రికా జంతుకథలు చెబుతానన్నాను. ఒక్క షరతు మీద ఒప్పుకున్నారు: ప్రతి కథ చివరా నీతిని బోర్డు మీద రాయాలి, పిల్లలు నోటుబుక్కులో ఎక్కించుకోవాలి. ఎవరైనా తనిఖీకి వస్తే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. అప్పటికి నాకూ అందులో తప్పు కనబడలేదు.

పొట్టకు కట్టిన కుండ

మొదటి రోజు చెప్పింది ఘనా కథ. అక్కడి అకాన్ ప్రజల కథల్లో అనాన్సే అనే సాలెపురుగు ఉంటాడు. పూర్తి పేరు క్వాకు అనాన్సే. అకాన్ల ఇళ్లలో పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు. క్వాకు అంటే బుధవారం పుట్టిన మగపిల్లాడు. ఐక్యరాజ్య సమితి సెక్రటరీ జనరల్‌గా చేసిన కోఫీ అన్నన్ శుక్రవారం పుట్టినవాడు, ఘనా మొదటి అధ్యక్షుడు క్వామే ఎన్‌క్రుమా పేరులో శనివారం ఉంది. ఈ ఒక్క ముక్కతో పది నిమిషాలు గడిచిపోయాయి. తాము ఏ వారం పుట్టారో చాలామంది పిల్లలకు తెలియదు. మర్నాటికి అందరూ ఇంట్లో అడిగి తెలుసుకున్నారు.

కథ ఇది. లోకంలోని తెలివినంతా అనాన్సే ఒక కుండలోకి పోగుచేశాడు. ఎవరికీ దక్కకుండా ఓ పెద్ద చెట్టు చిటారుకొమ్మన దాచాలనుకున్నాడు. కుండను తాడుతో కట్టి పొట్ట మీద వేలాడేసుకుని ఎక్కబోయాడు. కుండ అడ్డం, కాళ్లు మానుకు అందవు. ఎక్కుతాడు, జారతాడు, మళ్లీ ఎక్కుతాడు. కింద నిలబడి చూస్తున్న కొడుకు న్టికూమా చివరికి ఉండబట్టలేక "నాన్నా, కుండని వీపుకి కట్టుకోరాదూ?" అన్నాడు. తెలివంతా నా కుండలోనే ఉందనుకుంటే ఈ పిల్లకాయ దగ్గర ఇంకాస్త మిగిలిపోయిందే అని అనాన్సేకి ఒళ్లు మండింది. ఆ ఉక్రోషంలో కుండ చేజారి కింద పడి పగిలింది. తెలివి నలుమూలలా చిందింది. జనం పరిగెత్తుకొచ్చి తలా కాస్త ఏరుకున్నారు.

తెలివంతా పొట్టకు కట్టుకున్నవాడికి కుండ ఎటువైపు కట్టుకోవాలో తెలియలేదు. నవ్వు రావలసిన చోటు అది. ఒక్కరూ నవ్వలేదు. చివర్లో నేను అడగబోయే ప్రశ్నకు జవాబు ఎక్కడ దొరుకుతుందా అని కాచుకుని కూర్చున్నారు పాపం. "తెలివి ఏ ఒక్కరి సొత్తూ కాదు" అని బోర్డు మీద రాశాను. బుద్ధిగా ఎక్కించుకున్నారు.

ఇంటికెళ్లే బస్సులో ఏడు చేపల కథ గుర్తొచ్చింది. రాజు కొడుకులు వేటకెళ్లి ఏడు చేపలు తెస్తారు, ఒకటి ఎండదు. చేపా చేపా ఎందుకు ఎండలేదంటే గడ్డిమేటు అడ్డం. అలా ఆవు మీదికి, పాలేరు మీదికి, అవ్వ మీదికి, పిల్లాడి మీదికి పోయి చివరికి చీమ దగ్గర ఆగుతుంది: "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" తెలుగువాళ్లలో ఈ కథ వినకుండా పెరిగినవాళ్లు తక్కువ. మరి దీని నీతి? మా అమ్మమ్మ చెప్పలేదు, నేను అడగలేదు. ఇంట్లో కథకు నీతి అక్కర్లేదు, బడికి వచ్చేసరికి కావాలి. 1853లో చిన్నయసూరి నీతిచంద్రిక వచ్చినప్పటి నుంచీ బడిలో జంతువు నోరు తెరిస్తే నీతి చెప్పడానికే అన్నట్టు తయారయ్యామని నాకనిపిస్తుంది. చిన్నయసూరి మీద నాకు గౌరవమే, ఆయన వచనం మీద ఇంకా ఎక్కువ గౌరవం. కానీ రాజకుమారులకు లోకజ్ఞానం నేర్పడానికి కూర్చిన పంచతంత్రంతో ప్రపంచంలోని ప్రతి జంతుకథనూ కొలవడం మొదలుపెడితే, ఆ మొదటి శనివారం నాకు జరిగిందే జరుగుతుంది.

చిరుతకు చారలు

రెండో శనివారానికి ముందు ఇంకో పొరపాటు బయటపడింది. తర్వాతి కథలో వచ్చే జంతువుల బొమ్మలు గీసి తెమ్మన్నాను. పిల్లలు పులికి నల్ల చారలు గీసుకొచ్చారు. తప్పు వాళ్లది కాదు, నేను "పులి" అన్నాను. తెలుగులో పులి అంటే పెద్దపులే ముందు కళ్ల ముందుకొస్తుంది. ఆఫ్రికా అడవుల్లో పెద్దపులి లేదు. కథలో ఒసేబో అనే జంతువు చిరుత. తెలుగులోకి వచ్చిన ఆఫ్రికా కథల్లో నేను చాలాచోట్ల చూసిన తప్పే నేనూ చేశాను. ఆ రోజు పిల్లలే రబ్బరుతో చారలు చెరిపి చుక్కలు పెట్టుకున్నారు.

దీంతోపాటు ఇంకో సంగతి కూడా అర్థమైంది. జంతువు పేరు తెలుగులోకి వస్తుంది గానీ దాని పరువు వెంట రాదు. మనకు జిత్తులమారి అంటే నక్క. అకాన్లకు సాలెపురుగు. నైజీరియాలో యొరుబా వాళ్లకు ఇజాపా అనే తాబేలు. తూర్పు తీరం భాష స్వాహిలీలో సుంగురా అనే కుందేలు, మలావీ, జాంబియా వైపు అదే కుందేలు కలూలు, దక్షిణాఫ్రికా జులూ కథల్లో ముంగిస జాతికి చెందిన చకిజానా. సాలెపురుగు అనగానే మా క్లాసులో ఓ పిల్లాడు "శ్రీకాళహస్తిలో శివుడికి గూడు కట్టిందే, అదేనా టీచర్?" అని అడిగాడు. మన దగ్గర పేరున్న సాలెపురుగు అదొక్కటే మరి, అదీ మహాభక్తురాలు. "అది కాదు, వీడు వేరే" అని ఊరుకోకుండా ముందే కాస్త పరిచయం చేయాల్సింది. ఇప్పుడు కథ మొదలుపెట్టే ముందు ఆ జంతువుకు ఆ ఊళ్లో ఉన్న పేరేమిటో రెండు ముక్కల్లో చెబుతున్నాను: "వీణ్ణి ఊరంతా తిడుతుంది, వీడు లేకపోతే ఊరికి తోచదు."

హైనా విషయంలో ఈ పద్ధతి బాగా పనిచేసింది. తెలుగులో దుమ్ములగొండి అనే మాట ఉన్నా పిల్లలెవరూ వినలేదు. తూర్పు ఆఫ్రికా కథల్లో హైనా తిండిపోతు, మందబుద్ధి. రెండు దారులు చీలే చోట రెండువైపుల నుంచీ మాంసం వాసన వస్తే, ఒక దారిలో రెండు కాళ్లు, ఇంకో దారిలో రెండు కాళ్లు పెట్టి నడవబోయి చీలిపోయిందట. "రెండు దారులు హైనాను ఓడించాయి" అని స్వాహిలీలో సామెత. మనం రెండు పడవల మీద కాళ్లు పెట్టడం అంటాం. ఈ కథకు రెండు నిమిషాలు చాలు. పిల్లలు ఇంటర్వెల్‌లో అది నటించడం మొదలుపెట్టారు.

ఇంకోటి: "ఇది ఆఫ్రికా కథ" అనడం మానేశాను. ఆఫ్రికాలో 54 దేశాలున్నాయి. గోడ మీద పటం పెట్టి, ఏ కథ చెబితే ఆ చోట బొట్టు బిళ్ల అతికించాం.

"నిజమని అనడం లేదు, అనడం లేదు"

అనాన్సే కథలకు నాకు ఆధారం, బ్రిటిష్ వాళ్ల కాలంలో ఘనాలో పనిచేసిన ఆర్. ఎస్. రాట్రే 1930లో అచ్చువేసిన అషాంటీ (అకాన్లలో ఒక తెగ) కథల సంపుటం. అకాన్లు ఇలాంటి కథలన్నిటినీ అనాన్సేసెమ్ అంటారు, సాలెపురుగు ముచ్చట్లని అర్థం. అందులో సాలెపురుగు లేకపోయినా సరే. చెప్పేది చీకటి పడ్డాకే. మొదలుపెట్టేటప్పుడు కథకుడు "మేం చెప్పబోయేది నిజమని అనడం లేదు, అనడం లేదు" అంటాడు. ముగింపు ఇలా ఉంటుంది: "ఇది నా కథ. తియ్యగా ఉన్నా, లేకపోయినా, కొంచెం మీరు పట్టుకెళ్లండి, కొంచెం నా దగ్గరికి తిరిగి రానివ్వండి." మన "కథ కంచికి, మనం ఇంటికి"లో కథ వెళ్లిపోతుంది. అక్కడ అప్పిచ్చినట్టు తిరిగి రావాలి.

మధ్యలో వినేవాళ్లలో ఎవరైనా అడ్డుపడి "ఆగు, ఆ రోజు నేనూ అక్కడే ఉన్నా" అని ఒక పాట ఎత్తుకోవచ్చు. దాన్ని మ్మొగువో అంటారు. కథకుడు కాసేపు ఆగుతాడు, జనం పాడతారు, మళ్లీ కథ సాగుతుంది. బుర్రకథలో వంతలు చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు, కాకపోతే ఇక్కడ వంత ఎవరైనా కావచ్చు.

రెండో శనివారం కిటికీలు మూయించి లైట్లు ఆర్పేశాను. మధ్యాహ్నం రెండింటికి రాత్రి అయింది. అప్పుడు చెప్పిన కథ, కథలన్నీ అనాన్సేవి ఎలా అయ్యాయన్నది. ఆకాశదేవుడు న్యామే దగ్గర కథలన్నీ ఉన్నాయి. వాటి వెల నాలుగు: కొండచిలువ, చిరుత, కందిరీగల గుంపు, ఒక వనదేవత. పెద్ద పెద్ద ఊళ్లవాళ్లు వచ్చి కొనలేక తిరిగిపోయారు, ఈ పిసరంత సాలెపురుగు కొంటానంటాడు. కొండచిలువ దగ్గరికి వెళ్లి "నువ్వు పొడవా, ఈ కర్ర పొడవా? మా ఇంట్లో పందెం పడ్డాం" అని కొలిచే నెపంతో కర్రకు కట్టేస్తాడు. కందిరీగల మీద నీళ్లు చల్లి, తన నెత్తి మీద ఆకు పెట్టుకుని, "వాన పడుతోంది, నా సొరకాయ బుర్రలో దూరండి" అంటాడు. చిరుతను గోతిలో పడేస్తాడు. వనదేవతను బంక పూసిన బొమ్మకు అంటుకుపోయేలా చేస్తాడు.

కొండచిలువను కడుతున్నచోట ఐదో తరగతి పిల్లాడొకడు చీకట్లోంచి "ఆగు టీచర్, నేనూ ఆడనే ఉన్న!" అని అరిచి "గట్టిగ కట్టు, గట్టిగ కట్టు" అని పాట అందుకున్నాడు. నలభైమందీ బల్లలు దరువేశారు. పక్క గదిలోంచి సార్ వచ్చి తొంగిచూసి వెళ్లారు. మొదటివారం నీతి కోసం కాచుకున్న పిల్లలే వీళ్లు.

ఆ రోజు బోర్డు మీద ఏమీ రాయలేదు. బేతాళుడి పద్ధతి పట్టుకున్నాను. మన బేతాళ కథల్లో కథ అయ్యాక ప్రశ్న ఉంటుంది కదా, "తెలిసీ చెప్పకపోయావో నీ తల వెయ్యి చెక్కలవుతుంది" అని. పశ్చిమ ఆఫ్రికాలోనూ ప్రశ్నతో ఆగిపోయే కథలున్నాయి. తేడా ఏమిటంటే విక్రమార్కుడి దగ్గర ఒక సరైన జవాబు ఉంటుంది, అక్కడ వాదన తెల్లారేదాకా నడవొచ్చు. "ఈ ఉపాయాల్లో చాలావరకు చెప్పింది అనాన్సే పెళ్లాం అసో. మరి కథలకు ఆమె పేరు ఎందుకు పెట్టలేదు?" అని అడిగాను. ఆడపిల్లల వరస నుంచి వచ్చిన జవాబులు ఇక్కడ రాస్తే ఈ వ్యాసం పక్కదారి పడుతుంది.

తాబేలు రెండోసారి పడింది

మూడో శనివారం నైజీరియాలోని ఇగ్బో వాళ్ల కథ. నైజీరియా రచయిత చినువా అచెబె 1958 నాటి తన నవలలో ఒక తల్లి చేత కూతురికి చెప్పించిన కథ ఇది. "తాబేలు, పక్షులు" అనగానే పిల్లలు "మాకెరుకే టీచర్! నోరు తెరుస్తది, కింద పడ్తది" అన్నారు. హంసలు కర్ర పట్టుకుంటే మధ్యలో కరిచి వేలాడిన తాబేలు వాళ్లకు బాగా తెలుసు. "ఈ తాబేలు కూడా పడుతుంది, కానీ ఎందుకు పడిందో చివర్లో మీరే చెప్పాలి" అన్నాను.

కరువుకాలం. పక్షులకు ఆకాశంలో విందు. ఆకలితో వడిలిపోయిన తాబేలు తియ్యటి మాటలు చెప్పి తలా ఒక ఈక అడిగి రెక్కలు కట్టుకుంటాడు. దారిలో "పెద్ద విందుకు పోయేటప్పుడు కొత్త పేర్లు పెట్టుకోవాలి, అది ఆచారం" అని తను మాత్రం "మీరందరూ" అని పేరు పెట్టుకుంటాడు. పెండలం, చారు, కల్లు వడ్డించాక ఆకాశంవాళ్లను అడుగుతాడు: ఈ విందు ఎవరి కోసం?

ఇక్కడ తెలుగు మొరాయించింది. "ఎవరి కోసం" అని అడిగితే "మీ అందరి కోసం" అనాలి. పేరేమో "మీరందరూ". విభక్తి చేరగానే పేరు మారిపోయి చమత్కారం చచ్చిపోయింది. ఇంట్లో రెండు రోజులు దీంతో కుస్తీ పట్టాను. "మీ అందరి" అని పేరు పెడితే అదేం పేరు అంటారు. చివరికి జవాబును వదిలేసి ప్రశ్నను మార్చాను. తాబేలు అడిగేది "ఇవన్నీ ఎవరు తినాలి?" జవాబు: "మీరందరూ!" తాబేలు పక్షుల వైపు తిరిగి "విన్నారుగా, నా పేరే" అంటాడు. చెప్పినప్పుడు గది గొల్లుమంది. అనువాదం చేసేవాళ్లు మాటకు మాట వెతుక్కుంటూ ఇరుక్కుపోతే, ఆ ముందు వాక్యాన్ని ఒకసారి కదిపి చూడండి.

ఎముకలూ మిగుళ్లూ తిన్న పక్షులు కోపంతో తమ ఈకలు లాగేసుకుంటాయి. తాబేలు ఆకాశంలో చిక్కుకుపోతాడు. ఇంట్లో ఉన్న మెత్తటి వస్తువులన్నీ వాకిట్లో పరవమని పెళ్లానికి చెప్పమంటాడు. అందరికన్నా ఎక్కువ కోపంగా ఉన్న చిలుక "సరే, నేను చెబుతా" అంటుంది. వెళ్లి గట్టి వస్తువులు పరవమని చెబుతుంది. పారలు, కత్తులు, బల్లేలు. పిల్లలు ఆగలేదు: రోలు, రోకలి, గ్యాస్ సిలిండర్, పాత స్కూటర్. తాబేలు దూకాడు, చిప్ప ముక్కలైంది, వైద్యుడు ఏరి అతికించాడు. అందుకే ఇప్పటికీ దాని చిప్ప మీద అతుకులు కనిపిస్తాయి.

"మన తాబేలు నోరు అదుపులో లేక పడింది. మరి ఇది?" అని అడిగాను. "అందరిదీ ఒక్కడే తిన్నాడు" అని ఒకరు, "ఈకలు అప్పు తెచ్చుకున్నయి కదా, అప్పిచ్చినోళ్లనే మోసం చేసిండు" అని ఇంకొకరు. తర్వాత నేను అనుకోని మాట ఒకటి వచ్చింది. నాలుగో తరగతి అమ్మాయి, ఎప్పుడూ మాట్లాడదు, "చిలుక కూడా అబద్ధం చెప్పింది కదా టీచర్" అంది. అక్కణ్నుంచి ఇరవై నిమిషాలు చిలుక మీద పంచాయితీ. మోసగాణ్ని మోసం చేయొచ్చా? వాడి పెళ్లానికి అబద్ధం చెప్పొచ్చా, ఆమె ఏం చేసింది? బెల్లు కొట్టినా లేవలేదు. మొదటివారం "అబద్ధాలు ఆడరాదు" అని అప్పజెప్పిన పిల్లాడు ఈసారి చిలుక తరఫున గట్టిగా వాదించాడు.

టోపీలో వేడి చిక్కుళ్లు

ఈలోగా ఫిర్యాదు వచ్చింది. రెండోవారం కథ విని వెళ్లిన పిల్లాడి తండ్రి బడికొచ్చి "మోసం చేసి గెలిచేవాణ్ని హీరోని చేసి చెబుతున్నారట" అన్నాడు. కాదనడానికి లేదు. మన కుందేలు సింహాన్ని బావిలో దూకించినప్పుడు అది మోసం అని ఎవరూ అనలేదని చెప్పాను గానీ, ఆ జవాబు నాకే పూర్తిగా నచ్చలేదు. మన కుందేలు ప్రాణం కాపాడుకోవడానికి చేసింది. అనాన్సే చాలాసార్లు కక్కుర్తితో చేస్తాడు.

కానీ అకాన్ పిల్లలు వినేది ఒక్క కథ కాదు, అదే అనాన్సే గెలిచేవీ ఓడేవీ వందలు. అందుకని నాలుగోవారం ఓడిపోయే కథ తెచ్చాను. అనాన్సే అత్తగారు చనిపోయింది. కర్మకాండకు వెళ్లి, అందరిలోకీ తనకే ఎక్కువ దుఃఖం ఉన్నట్టు, ఎనిమిదో రోజు దాకా పచ్చి మంచినీళ్లు ముట్టనని గొప్పకు పోయాడు. నాలుగు రోజులకే కడుపు మాడింది. ఎవరూ లేనప్పుడు కుండలో ఉడుకుతున్న చిక్కుడు గింజలు టోపీలోకి తోడుకున్నాడు. జనం వచ్చేశారు. గబుక్కున టోపీ నెత్తిన పెట్టుకున్నాడు. నెత్తి కాలిపోతోంది. తల అటూ ఇటూ ఊపుతూ "ఈపాటికి మా ఊళ్లో టోపీలు ఊపే పండగ జరుగుతుంటుంది, నేను బయల్దేరాలి" అంటాడు. ఆ పెద్దమనిషి దుఃఖాన్ని చూసి జనం వదలరు, సాగనంపుతామని వెంటపడతారు. టోపీ విసిరేయక తప్పలేదు. గింజలు రాలాయి, జుట్టు ఊడింది, అప్పటి నుంచీ బట్టతల.

వీడికి దేవుడు శిక్ష వేయలేదు, రాజు వేయలేదు. ఊరు చూసింది, అంతే. అకాన్ కథల్లో నాకు కనిపించే శిక్ష చాలావరకు ఇదే, సిగ్గు. మనకు "నలుగురిలో నవ్వులపాలు" అన్న మాట ఉంది కాబట్టి పిల్లలకు విడమర్చి చెప్పక్కర్లేకపోయింది. ఫిర్యాదు చేసిన తండ్రి ఆ రోజు గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు. టోపీలు ఊపే పండగ దగ్గర ఆయనే ముందు నవ్వాడు. ఎప్పుడో ఏదో పెళ్లిలో జేబులో లడ్డూలు కుక్కుకున్న బంధువు గుర్తొచ్చాడట.

గెలిచే కథల గురించి ఆయనకు తర్వాత ఇంకోమాట చెప్పాను. బానిసలుగా ఓడలెక్కించి తీసుకుపోయినవాళ్ల వెంట అనాన్సే కూడా అట్లాంటిక్ దాటి జమైకా చేరాడు. చెరకు తోటల్లో కొరడా కింద బతికేవాళ్లకు, పిసరంత సాలెపురుగు చిరుతను బోల్తా కొట్టించే కథ ఎందుకు కావాల్సి వచ్చిందో ఊహించుకోవచ్చు. ఆయన కాసేపు ఊరుకుని, "అట్లయితే చెప్పండి" అన్నాడు.

అదే రోజు చివర్లో పది నిమిషాలు మిగిలితే, పెద్దగా ఆలోచించకుండా ఆఫ్రికా దక్షిణ కొసన ఉండే ఖోయిఖోయి వాళ్ల చిన్న కథ ఒకటి చెప్పాను. చంద్రుడు "నేను చచ్చి మళ్లీ బతికినట్టే మీరూ చచ్చి బతుకుతారు" అని మనుషులకు కబురు పంపాడు. కుందేలు దాన్ని తిరగేసి "చచ్చి మాయమైపోతారు" అని చెప్పింది. చంద్రుడు కోపంతో కర్రతో కొడితే దాని పెదవి చీలింది. పెదవి కథ కదా, నవ్వుతారనుకున్నాను. వెనక వరసలో ఒకమ్మాయి అడిగింది: "కుందేలు సక్కగ చెప్పి ఉంటే మా తాత వస్తుండెనా టీచర్?" ఆ వారమే వాళ్ల తాత పోయాడట. నాకు జవాబు దొరకలేదు. ఆ పిల్ల పక్కన కూర్చున్నాను, బెల్లు కొట్టేదాకా. చావు ఎలా వచ్చిందో చెప్పే కథలు ఆ ఖండంలో చాలా ఉన్నాయి. జులూ వాళ్లు ఊసరవెల్లి నెమ్మది మీద నెపం వేస్తారు. క్లాసు గురించి ముందు వాకబు చేయకుండా వాటి జోలికి వెళ్లకూడదని ఆ రోజు తెలిసింది. మిగిలిన టైమ్ నింపడానికి అసలే వాడకూడదు.

జాంజిబార్ కోతి

ఐదోవారం నాకు బాగా ఇష్టమైన కథ. స్వాహిలీలో కథకుడు "పౌక్వా!" అంటే వినేవాళ్లు "పకావా!" అనాలి. వినడం ఆలస్యం, పిల్లలు గొంతు చించుకున్నారు.

సముద్రం ఒడ్డున పెద్ద చెట్టు. సగం కొమ్మలు నేల మీద, సగం నీళ్ల మీద. చెట్టు మీది కోతి రోజూ కింద ఉన్న సొరచేపకు పండ్లు విసురుతుంది. స్నేహం ముదిరాక సొరచేప "మా ఇంటికి రా" అని వీపు మీద ఎక్కించుకుని, నడిసముద్రంలో అసలు సంగతి చెబుతుంది: మా సుల్తాన్‌కు జబ్బు చేసింది, కోతి గుండె తింటేనే నయమవుతుందట...

ఇంకేముంది, గది లేచి నిలబడింది. "మొసలి కథ! మొసలి కథ!" నేరేడు చెట్టు, మొసలి పెళ్లాం, గుండె చెట్టు మీద మర్చిపోయిన కోతి. పంచతంత్రంలో నాలుగో తంత్రం, లబ్ధప్రణాశంలోది. తూర్పు ఆఫ్రికా తీరంలోని జాంజిబార్ దీవిలో మిషనరీగా ఉన్న ఎడ్వర్డ్ స్టీర్ అక్కడివాళ్లు చెప్పగా రాసుకుని 1870లో అచ్చువేసిన కథల్లో ఇది ఉంది. మొసలి సొరచేప అయింది, పెళ్లాం సుల్తాన్ అయింది, నేరేడు మేడి జాతి చెట్టయింది. కథలోపలి చాకలివాడి గాడిద కథ కూడా చెక్కుచెదరకుండా ఉంది: సింహం నుంచి ఒకసారి తప్పించుకుని మళ్లీ వచ్చి చచ్చిన గాడిదకు గుండె, చెవులు కనబడవు, ఉంటే రెండోసారి వచ్చేదా అంటుంది వాటిని తినేసిన జంతువు. మన దగ్గర తిన్నది నక్క, అక్కడ సుంగురా కుందేలు. మన కథ ఆరో శతాబ్దంలో పర్షియా వాళ్ల పహ్లవీ భాషకి, ఎనిమిదో శతాబ్దంలో అరబ్బీకి వెళ్లింది. అరబ్బులూ గుజరాతీ వర్తకులూ వందల ఏళ్లు రుతుపవనాలను నమ్ముకుని ఓడలు నడిపిన తీరం జాంజిబార్‌ది.

పటం మీద దారం కట్టి చూపించాం. "అంటే మన కోతేనా?" అని అడిగారు. "వెళ్లేటప్పుడు మన కోతి" అన్నాను. ఒక సంగతి మాత్రం గమనించాను: తెలిసిన కథ అయ్యేసరికి పిల్లలు మళ్లీ బడి భాషలోకి జారారు, "దుష్టులతో స్నేహం చేయరాదు" అని ఎవరూ అడక్కుండానే రెండు గొంతులు వినిపించాయి. పాత అలవాటు పాత కథను పట్టుకుని ఉంటుంది. ఇంకోసారి చేస్తే ఈ కథను చివరికి కాదు, అసలు మొదటివారమే పెడతాను. తెలిసిన కథ పరాయి వేషంలో రావడం చూశాక తెలియని కథలకు చెవి త్వరగా తెరుచుకుంటుంది.

గుడ్ల కథ

ఆరోవారం నేను నోరెత్తలేదు, కథలు పిల్లలవి. సగం హైనా కథలకు నకళ్లు, కొన్ని సినిమా కథలు. పర్వాలేదనుకుంటూ వింటున్నాను.

రాట్రే పుస్తకంలో ఒక విషయం ఉంది, పిల్లలకు రెండోవారం యథాలాపంగా చెప్పాను. పగలు పైకి అనలేని మాటల్ని, ఎవరి మీదైనా ఉన్న ఫిర్యాదుల్ని రాత్రిపూట కథ చాటున చెప్పుకునేవారు. "నిజమని అనడం లేదు" అన్న ఆ మొదటి మాట అందుకు రక్ష.

మూడో తరగతి నుంచి ఓ బక్కపిల్లాడు లేచాడు. లైట్లు ఆర్పమన్నాడు. "నేను చెప్పేది నిజమని అంటలేను, అంటలేను" అన్నాడు రెండుసార్లు. అనగనగా ఒక అడవిలో రోజూ మధ్యాహ్నం జంతువులు వరసలో నిలబడితే గుడ్లు ఇస్తారు. చీమలు ముందే వచ్చి నిలబడతాయి. ఏనుగులు వెనక నుంచి వచ్చి మధ్యలో దూరతాయి. చీమల దాకా వచ్చేసరికి గుడ్లు అయిపోతాయి, పులుసే మిగులుతుంది. "ఏనుగులు ఎన్ని?" అని ఎవరో అడిగారు. "నాలుగు" అన్నాడు. చీకట్లో కూడా తలలన్నీ ఐదో తరగతి వరస వైపు తిరిగాయి. "ఆగు, నేనూ ఆడనే ఉన్న!" అని మూడో తరగతి మొత్తం పాట ఎత్తుకుంది: "పులుసే పులుసు, పులుసే పులుసు."

హెడ్‌మాస్టర్ గారు ఎప్పుడొచ్చారో, గుమ్మంలో నిలబడి ఉన్నారు. లైటు వేశారు. నాకు టెన్షన్ పట్టుకుంది, నీతి నోటుబుక్కు గురించి అడుగుతారని. నాలుగువారాలుగా అందులో ఒక్క ముక్క ఎక్కలేదు. ఆయన నా వైపు చూడలేదు. బక్కపిల్లాణ్ని చూసి, ఐదో తరగతి వరసను చూసి, పక్కనున్న సార్‌తో అన్నారు: "సోమవారం గుడ్ల దగ్గర ఎవరుంటున్నారు?"